జార్జ్ ఓలా: ఆమ్లాల నుంచి కార్బన్ డయాక్సైడ్ దాకా. పీహెచ్‌డీకి ఈ దారి పట్టొచ్చా?

మౌనిక_ఆర్గానిక్ · శనివారం, ఉదయం 9:12

అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వచ్చింది, ఇప్పుడు గైడ్‌ని వెతుక్కుంటున్నాను. నేను మాట్లాడిన ప్రొఫెసర్లలో ఎక్కువమంది కార్బన్ డయాక్సైడ్‌ను మిథనాల్‌గా మార్చే ఉత్ప్రేరకాల మీద పని ఇస్తామంటున్నారు.

నాకు బాగా నచ్చిన టాపిక్ కార్బోకాటయాన్లు, అంటే ప్లస్ ఛార్జ్ ఉన్న కార్బన్ అయాన్లు. జార్జ్ ఓలా పేరు విన్నది ఆ క్లాసులోనే. 1994లో నోబెల్ ఆయన ఒక్కరికే వచ్చింది, అదీ కార్బోకాటయాన్ల మీదే. కానీ ఆయన చివరి రోజుల పేపర్లు తీసి చూస్తే చాలావాటిలో మిథనాల్, సీఓటూ (కార్బన్ డయాక్సైడ్). అంత పేరు వచ్చాక ఆ వయసులో సబ్జెక్టు ఎందుకు మార్చుకున్నారో అర్థం కాలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

ఇంకోటి కూడా అడగాలి. ఈ పని మీద ఐదేళ్లు పెడితే నిజంగా పనికొచ్చేది ఏమైనా వస్తుందా? మా ఇంట్లో నన్నూ ఇదే అడుగుతున్నారు.

---

ఉత్ప్రేరకం_వేణు · శనివారం, ఉదయం 10:40

మౌనికా, మంచి ప్రశ్న. ఓలా సబ్జెక్టు మార్చలేదని నా అభిప్రాయం. ఆయన జీవితం వరసగా చూస్తే నీకే తెలుస్తుంది.

పుట్టింది 1927లో బుడాపెస్ట్‌లో. అక్కడి టెక్నికల్ యూనివర్సిటీలోనే చదివి, అక్కడే పాఠాలు చెప్పారు. 1956లో హంగరీ తిరుగుబాటును సోవియట్ సైన్యం అణిచేశాక భార్య జూడిత్‌తో, చిన్న కొడుకుతో దేశం విడిచారు. లండన్ మీదుగా కెనడా చేరి, 1957లో ఆంటారియోలోని సార్నియాలో డౌ కెమికల్‌లో ఉద్యోగంలో చేరారు. కార్బోకాటయాన్ల మీద అసలు పని మొదలైంది ఆ కంపెనీ ల్యాబ్‌లోనే. యూనివర్సిటీలో సీటు లేకపోతే పరిశోధన లేదనుకునే మన పిల్లలకి ఇది తప్పకుండా చెప్పాలి.

అప్పటిదాకా మామూలు ఆల్కైల్ కార్బోకాటయాన్ అంటే రియాక్షన్ మధ్యలో రెప్పపాటులో వచ్చి పోయేదని పుస్తకాల్లో రాసుకోవడమే. కంటికి చూపించినవాళ్లు లేరు. ఓలా ఏం చేశారంటే, దాని మీద దాడి చేసే న్యూక్లియోఫైల్‌నే (ఎలక్ట్రాన్లు ఇచ్చేదాన్నే) లేకుండా చేశారు. ఆంటిమొనీ పెంటాఫ్లోరైడ్ లాంటి బలమైన లూయిస్ ఆమ్లంలో (ఎలక్ట్రాన్ జంటని లాక్కునేదాంట్లో), బాగా చల్లబరిచి ఉంచితే ఆ అయాన్ గంటల తరబడి నిలిచింది. అణువు నిర్మాణం చూపే ఎన్‌ఎమ్‌ఆర్ యంత్రంలో పెట్టి చూపించారు.

1965లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ వెళ్లారు. అక్కడే క్రిస్మస్ పార్టీలో మిగిలిన కొవ్వొత్తి ముక్కని ల్యాబ్‌లో ఒకరు ఫ్లోరోసల్ఫ్యూరిక్ ఆమ్లం, ఆంటిమొనీ పెంటాఫ్లోరైడ్ కలిపిన ద్రవంలో వేశారు. మైనం కరిగిపోయింది. స్పెక్ట్రమ్ తీస్తే టెర్ట్-బ్యూటైల్ కాటయాన్ పీక్ శుభ్రంగా కనిపించింది. 'మ్యాజిక్ యాసిడ్' అన్న పేరు అప్పుడే పుట్టింది.

ఇప్పుడు ఆలోచించు. కొవ్వొత్తి మైనం అంటే పారాఫిన్, పేరులోనే ఉంది, దేనితోనూ కలవదని. మీథేన్ కూడా అంతే. సీఓటూ కూడా అంతే. కదలనిదాన్ని కదిలించడమెలా అన్న ప్రశ్న ఆయనకి మొదటి నుంచీ ఒక్కటే.

---

డాక్టర్_సుభద్ర · శనివారం, మధ్యాహ్నం 12:05

వేణు గారు చెప్పింది సరిగ్గా ఉంది. దానికి ఆధారం కూడా చూపిస్తాను. చాలా ఏళ్లు ఆర్గానిక్ పాఠాలు చెప్పాను కాబట్టి ఈ సంగతి మీద నాకు ఆపేక్ష ఎక్కువ.

అమ్మా మౌనికా, ఫ్రీడల్-క్రాఫ్ట్స్ రియాక్షన్ నీకు కంఠతా వచ్చి ఉంటుంది. బెంజీన్ మీద అసైల్ క్లోరైడ్, అల్యూమినియం క్లోరైడ్. ఆ అసైల్ క్లోరైడ్ స్థానంలో సీఓటూ పెట్టి నేరుగా బెంజోయిక్ ఆమ్లం తీయొచ్చా అని ఎప్పటినుంచో ప్రయత్నాలున్నాయి. దిగుబడి మాత్రం దండగ. 2002లో ఓలా, ఆయన శిష్యుడు సూర్యప్రకాశ్ బృందం అల్యూమినియం క్లోరైడ్‌తో పాటు అల్యూమినియం పొడి కూడా వేసి, సీఓటూను ఒత్తిడితో పంపి ఆరోమాటిక్ ఆమ్లాలను మంచి దిగుబడితో తీశారు. వాళ్ల వివరణ ఏమిటంటే, సీఓటూలోని ఆక్సిజన్ మీద లూయిస్ ఆమ్లం కూర్చుంటే మధ్యనున్న కార్బన్‌కి ఎలక్ట్రాన్ల కరువు మరింత పెరుగుతుంది. 'సూపర్ ఎలక్ట్రోఫైల్' అని వాళ్లు వాడే మాట ఇదే. అంటే నీకిష్టమైన కార్బోకాటయాన్ ఆలోచనే సీఓటూ మీదికి వచ్చింది.

పైగా సీఓటూను పనికి పెట్టడం కొత్త సంగతేమీ కాదు. ఫినాల్ సోడియం లవణం మీద సీఓటూ పంపి శాలిసిలిక్ ఆమ్లం చేయడం పంతొమ్మిదో శతాబ్దం నాటి కోల్బే పని. తలనొప్పికి వేసుకునే ఆస్పిరిన్‌కి ముడిసరుకు అదే.

---

గోదావరిఖని_రవి · శనివారం, మధ్యాహ్నం 1:30

సుభద్ర మేడమ్, యూరియా సంగతి మర్చిపోతే ఎట్ల? సీఓటూ అందరికన్నా ఎక్కువ వాడేది మేమే. నేను ఎరువుల ప్లాంటుల అమ్మోనియా సైడ్ షిఫ్టు చేస్త.

టన్ను యూరియాకు ముప్పావు టన్నుకు జర తక్కువ సీఓటూ పడ్తది. అంటే రైతు భుజాన ఏసుకొని పోయే 45 కిలోల బస్తాల 33 కిలోల సీఓటూ ఉన్నట్టే లెక్క. కానీ చెల్లె, ఒక్క మాట యాదికి పెట్టుకో. పొలంల చల్లినంక నేలల ఉండే ఎంజైము యూరియాను విరగ్గొడ్తది, గా సీఓటూ మళ్ల గాలిల కలుస్తది. వాడినం అంటే దాచినం అని కాదు.

---

లెక్కల_మాస్టారు · శనివారం, సాయంత్రం 4:18

> వాడినం అంటే దాచినం అని కాదు

రవి గారు అసలు మాట అనేశారు. మిథనాల్‌కీ ఇదే వర్తిస్తుంది. అమ్మాయి ఐదేళ్లు పెట్టబోతోంది కాబట్టి లెక్క కుండబద్దలు కొట్టినట్టు చెప్పడం మన బాధ్యత.

ఒక సీఓటూ, మూడు హైడ్రోజన్లు కలిస్తే ఒక మిథనాల్, ఒక నీరు. టన్ను మిథనాల్‌కి 1.375 టన్నుల సీఓటూ, 187.5 కిలోల హైడ్రోజన్ కావాలి. కిలో హైడ్రోజన్‌ను నీటి నుంచి ఎలక్ట్రోలైజర్‌లో తీయడానికి 50 నుంచి 55 యూనిట్ల కరెంటు. అంటే ఒక్క హైడ్రోజన్‌కే దాదాపు 10,000 యూనిట్లు. చివరికి టన్ను మిథనాల్ తగలబెడితే వచ్చే శక్తి 5,500 యూనిట్లు. సగానికి సగం దారిలోనే పోయింది. దాన్ని ఇంజిన్‌లో పోస్తే అందులోనూ మూడో వంతు చక్రానికి చేరితే గొప్ప.

ప్రపంచం మొత్తం ఏడాదికి తయారుచేసే మిథనాల్ సుమారు 11 కోట్ల టన్నులు. అదంతా సీఓటూ నుంచే చేశామనుకున్నా 15 కోట్ల టన్నుల సీఓటూ ఖర్చవుతుంది. మనం బొగ్గూ చమురూ గ్యాసూ కాల్చి వదులుతున్నది ఏటా 3,700 కోట్ల టన్నుల పైమాట. వెయ్యికి నాలుగు పాళ్లు.

సీఓటూ అంటే ఇచ్చేదంతా ఇచ్చేసి మిగిలిన బూడిద. బూడిదను మళ్లీ కట్టె చేయాలంటే కట్టె ఇచ్చిన వేడికన్నా ఎక్కువే పెట్టాలి. ఏ ఉత్ప్రేరకమూ దీన్ని మార్చలేదు. ఉత్ప్రేరకం వేగం పెంచుతుంది, దారి ఎంచుతుంది. శక్తి లెక్కల జోలికి పోదు.

---

హ్యూస్టన్_కిరణ్ · ఆదివారం, ఉదయం 7:50

మాస్టారూ, మీ లెక్కతో నాకు పేచీ లేదు. కానీ ఓలా ఈ లెక్క చూడకుండా మాట్లాడలేదు. 2006లో గొయెపర్ట్, సూర్యప్రకాశ్‌లతో కలిసి వేసిన మిథనాల్ ఎకానమీ పుస్తకంలో ఆయన మిథనాల్‌ను శక్తి మూలమని అనలేదు. శక్తిని నిల్వచేసే, మోసుకెళ్లే సాధనమన్నారు. హైడ్రోజన్‌ను 350, 700 బార్ల ఒత్తిడితో సిలిండర్లలో కుక్కడం కన్నా, మైనస్ 253 డిగ్రీలకి చల్లబరచడం కన్నా, మామూలు ట్యాంకులో ద్రవంగా ఉంచడం తేలికని ఆయన వాదన. సముద్రం మీద పోయే ఓడని బ్యాటరీతో అంత దూరం నడపలేం. ఓడల కంపెనీ మేర్స్క్ వాళ్లు 2023లో మిథనాల్‌తో నడిచే కంటైనర్ ఓడని దింపారంటే కారణం అదే. మిథనాల్ విషం కూడా, తాగితే చూపు పోతుంది, ప్రాణం పోతుంది. జాగ్రత్తలు తప్పనిసరి.

ఐస్‌లాండ్ సంగతి చెప్తాను. అక్కడ స్వార్ట్‌సెంగిలో భూగర్భ ఆవిరితో నడిచే కరెంటు ప్లాంటు ఉంది. ఆవిరితో పాటు సీఓటూ కూడా పైకి వస్తుంది. కార్బన్ రీసైక్లింగ్ ఇంటర్నేషనల్ అనే కంపెనీ దాన్ని పట్టి, అక్కడి కరెంటుతోనే నీటి నుంచి హైడ్రోజన్ తీసి, 2012 నుంచి మిథనాల్ చేసింది. ప్లాంటుకి పెట్టిన పేరు జార్జ్ ఓలా. తర్వాత విస్తరించి ఏడాదికి 4,000 టన్నుల సామర్థ్యానికి తెచ్చారు. అదే టెక్నాలజీతో చైనాలో హెనాన్ రాష్ట్రం అన్‌యాంగ్‌లో 2022లో మొదలైన ప్లాంటు సామర్థ్యం 1,10,000 టన్నులు.

---

లెక్కల_మాస్టారు · ఆదివారం, ఉదయం 8:35

కిరణ్, అన్‌యాంగ్‌లో హైడ్రోజన్ ఎక్కడిదో కూడా చెప్పాలి. కోక్ ఓవెన్ గ్యాస్ (బొగ్గును కోక్‌గా మార్చే బట్టీల వాయువు) నుంచి వచ్చింది. సీఓటూ సున్నం బట్టీలది. వృథాగా పోయే రెండు వాయువుల్ని కలపడం మంచి ఇంజినీరింగే, కాదనను. కానీ అది సూర్యరశ్మితో నడిచే మిథనాల్ కాదు. చదివేవాళ్లు రెండూ ఒకటే అనుకోకూడదు.

---

హ్యూస్టన్_కిరణ్ · ఆదివారం, ఉదయం 8:52

ఒప్పుకుంటాను. గుండెకాయ హైడ్రోజనే. అందుకే ఇలాంటి ప్లాంటు పెట్టాలంటే ముందు చూసేది కరెంటు రేటు, ఆ తర్వాతే రియాక్టర్. మన దగ్గర విశాఖ పక్కన పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ పెట్టబోయే హబ్‌కి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. రోజుకి 1,500 టన్నుల హైడ్రోజన్, దాని నుంచి మిథనాల్, యూరియా, విమాన ఇంధనం చేయాలన్నది ప్రణాళిక. అది నిలబడితే ఉత్ప్రేరకాలు తెలిసిన పిల్లలకి మన తీరంలోనే పని దొరుకుతుంది.

---

కూకట్‌పల్లి_నాని · ఆదివారం, ఉదయం 10:10

హైదరాబాద్‌లో బీహెచ్‌ఈఎల్ వాళ్లు మిథనాల్ ప్లాంటు పెట్టారుగా. అది కూడా సీఓటూ నుంచేనా అన్నా?

---

ఉత్ప్రేరకం_వేణు · ఆదివారం, ఉదయం 10:31

కాదు నానీ. అది బొగ్గు నుంచి. మన బొగ్గులో బూడిద ఎక్కువ కదా, అలాంటి బొగ్గును గ్యాసుగా మార్చి రోజుకి పావు టన్ను మిథనాల్ తీసే పైలట్ ప్లాంటు. గొప్ప పనే, కానీ దారి వేరు. పొగగొట్టం నుంచి పట్టిన సీఓటూతో మిథనాల్ చేసే పని ఎన్టీపీసీ మధ్యప్రదేశ్‌లోని వింధ్యాచల్‌లో చేపట్టింది, రోజుకి 10 టన్నుల స్థాయిలో.

ఇక మౌనికకి ఉత్ప్రేరకం గురించి నాలుగు మాటలు.

మిథనాల్ పరిశ్రమ 1923లో జర్మనీలో బీఏఎస్ఎఫ్ కంపెనీతో మొదలైంది. జింక్, క్రోమియం ఆక్సైడ్ల మీద, 300 బార్ల దరిదాపు ఒత్తిడితో. 1960ల్లో ఇంగ్లండ్‌లో ఐసీఐ కంపెనీ వాళ్లు కాపర్-జింక్ ఉత్ప్రేరకంతో దాన్ని 50-100 బార్లకి దించారు. కాపర్ పనిచేస్తుందని అంతకుముందే తెలుసు. కానీ గంధకం తగిలితే చచ్చిపోతుంది. గ్యాసులోంచి గంధకాన్ని పూర్తిగా తీసేయడం వచ్చాకే కాపర్‌కి కాలం వచ్చింది.

ఐసీఐ వాళ్లే 1980ల్లో రేడియోధార్మిక కార్బన్ గుర్తుతో ఒకటి తేల్చారు. కార్బన్ మోనాక్సైడ్, డయాక్సైడ్ రెండూ ఉన్న గ్యాసు పంపినా, మిథనాల్‌లోకి చేరే కార్బన్ చాలావరకు డయాక్సైడ్‌దే. అంటే పరిశ్రమ తెలియకుండానే దశాబ్దాలుగా సీఓటూను హైడ్రోజనేట్ చేస్తోంది, అంటే దానికి హైడ్రోజన్ కలుపుతోంది! నాకు ఇది ఎప్పుడు తలచుకున్నా ఒళ్లు పులకరిస్తుంది.

మరి పాత ఉత్ప్రేరకమే చాలుగా అంటావా? ఇక్కడే మెలిక ఉంది. మామూలు గ్యాసులో వచ్చిన నీటిని కార్బన్ మోనాక్సైడ్ ఎప్పటికప్పుడు తినేస్తుంది. సీఓటూ, హైడ్రోజన్ మాత్రమే పంపితే ప్రతి మిథనాల్‌తో ఒక నీరు తయారై అక్కడే ఉండిపోతుంది. ఆ నీరు కాపర్ కణాల్ని ఒకదానికొకటి అంటుకునేలా చేస్తుంది, ఉపరితలం తగ్గిపోతుంది. పైగా వేడి పెరిగితే సీఓటూ మిథనాల్ వైపు కాకుండా కార్బన్ మోనాక్సైడ్ వైపు మళ్లుతుంది. 2016లో జ్యూరిక్ నుంచి వచ్చిన ఇండియం ఆక్సైడ్-జిర్కోనియా పని చదువు. మిథనాల్ వైపు ఎంపిక బాగుంది, చాలాసేపు నిలిచింది కూడా. నీటిని తట్టుకునే ఉత్ప్రేరకం అన్నది ఐదేళ్లు పెట్టదగ్గ సమస్య.

---

గోదావరిఖని_రవి · ఆదివారం, మధ్యాహ్నం 2:15

వేణన్నా, గీ కాపర్-జింక్-అల్యూమినా మాకు రోజు కనపడేదే. అమ్మోనియా ప్లాంటుల ఎల్‌టీ షిఫ్ట్ కన్వర్టర్ల (కార్బన్ మోనాక్సైడ్‌ను నీటి ఆవిరితోని సీఓటూ, హైడ్రోజన్ చేసే రియాక్టర్ల) పోసేది గిసుంటిదే. చెల్లెకు చూసినట్టు చెప్త.

డ్రమ్ము మూత తీస్తే నల్లటి చిన్న చిన్న గోలీలు. అప్పుడు అది కాపర్ ఆక్సైడ్, ఏం పని చెయ్యది. కన్వర్టర్ నింపినంక రిడక్షన్ చెయ్యాలె, అంటే ఆక్సిజన్ గుంజి ఉత్త కాపర్ చెయ్యాలె. నైట్రోజన్ తిప్పుకుంట హైడ్రోజన్ ఒక్క శాతం కన్నా తక్కువతోని మొదలు వెడ్తరు. రిడక్షన్ల వేడి పుడ్తది కాబట్టి హైడ్రోజన్ జర ఎక్కువైతే బెడ్ టెంపరేచర్ చెయ్యి దాటి ఉరుకుతది, కాపర్ అంతా ముద్దైతది, లక్షల మాల్ పోతది. రాత్రంతా కంట్రోల్ రూముల వేడి కొలిచే ఒక్కో థర్మోకపుల్ మీదనే కండ్లు. ఇంకో మనిషి కింద సెపరేటర్ కాడ నిలవడి ఎంత నీళ్లు దిగినయో బకెట్‌తోని కొలిచి రాస్తడు. ఆక్సైడ్ల ఆక్సిజనే నీళ్లై వస్తది కదా, లెక్క ప్రకారం నీళ్లు వచ్చి ఆగినయంటే రిడక్షన్ అయిపోయినట్టు. ల్యాబ్‌ల గ్రాము ఉత్ప్రేరకంతోని చేసేటోళ్లు ఒక్కసారన్నా వచ్చి గిది చూడాలె.

---

మౌనిక_ఆర్గానిక్ · ఆదివారం, రాత్రి 8:20

రవి అన్నా, చాలా థాంక్స్. ఇది ఏ పుస్తకంలోనూ చదవలేదు. అందరి పోస్టులూ ప్రింట్ తీసి పెట్టుకుంటున్నాను.

సుభద్ర మేడమ్, సూర్యప్రకాశ్ గారి గురించి కొంచెం చెప్పండి. ఓలా పేపర్లన్నిట్లో ఆయన పేరే కనిపిస్తోంది. ఆర్గానిక్ నుంచి వెళ్లేవాళ్లకి ఈ రంగంలో చోటుందా, లేక అంతా సాలిడ్ ఉత్ప్రేరకాల వాళ్లదేనా?

---

డాక్టర్_సుభద్ర · ఆదివారం, రాత్రి 9:45

చోటెందుకు లేదమ్మా. ఆయనే అందుకు ఉదాహరణ.

జి.కె. సూర్యప్రకాశ్ పుట్టింది 1953లో బెంగళూరులో. ఐఐటీ మద్రాసులో ఎమ్మెస్సీ చేసి క్లీవ్‌లాండ్‌లో ఓలా దగ్గర చేరారు. 1977లో ఓలా లాస్ ఏంజెలెస్‌లోని సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీకి మారితే, గురువుతో పాటే వెళ్లి అక్కడ 1978లో పీహెచ్‌డీ పూర్తి చేశారు. అక్కడే ఉండిపోయారు. ఫ్లోరిన్ కెమిస్ట్రీలో ట్రైఫ్లోరోమిథైల్ సమూహాన్ని ఎక్కించే రియేజెంట్ ఆయన పేరుతోనే ఉంది. దాదాపు నలభై ఏళ్లు గురుశిష్యులు కలిసి పనిచేశారు. 2013లో చమురుకి ప్రత్యామ్నాయ ఇంధనాల మీద ఇజ్రాయెల్ ఇచ్చిన పది లక్షల డాలర్ల శామ్సన్ బహుమతి ఇద్దరికీ కలిపే వచ్చింది.

1990ల్లో వాళ్లు నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబ్‌తో కలిసి మిథనాల్‌ను నేరుగా వాడే ఫ్యూయల్ సెల్ చేశారు. మిథనాల్, నీరు ఒకవైపు పోస్తే కరెంటు, సీఓటూ వస్తాయి. ఆ పేటెంట్‌లో జెట్ ప్రొపల్షన్ ల్యాబ్ తరఫున మొదటి పేరు సూరంపూడి సుబ్బారావు గారిది. ఇంటిపేరు చూసి నాకు ఎంత సంతోషం వేసిందో! ఆ సెల్‌లో జరిగే రియాక్షన్‌ని వెనక్కి నడిపిస్తే సీఓటూ నుంచి మిథనాల్. వేణు గారు చెప్పిన వరసలో ఈ మెట్టు కూడా కలుపుకో.

2016 పేపర్ మాత్రం తప్పక చదువు. మొదటి పేరు జోతీశ్వరి కోదండరామన్. మామూలు గాలిలో సీఓటూ ఉండేది పదివేలకి నాలుగు పాళ్లు. ఆ గాలిని పాలీఅమీన్ ద్రావణంలోంచి పంపి సీఓటూను పట్టారు. దాన్ని విడిగా బయటికి తీయకుండా అదే పాత్రలో రుథేనియం కాంప్లెక్స్‌తో, 125 నుంచి 165 డిగ్రీల మధ్య హైడ్రోజనేట్ చేశారు. పట్టుకున్న సీఓటూలో 79 శాతం దాకా మిథనాల్ అయింది. పట్టిన సీఓటూను అమీన్ నుంచి విడదీయడానికే బోలెడు వేడి ఖర్చవుతుంది. ఆ మెట్టునే ఎత్తేశారన్నమాట. ఇది పూర్తిగా లిగాండ్లూ (లోహానికి అతుక్కునే అణువులు), లోహ కాంప్లెక్సులూ తెలిసిన ఆర్గానిక్ మనుషుల పని.

ఆ పేపర్ వచ్చేనాటికి ఓలాకి 88 ఏళ్లు. మరుసటి ఏడాది 2017 మార్చిలో కన్నుమూశారు. నార్బోర్నైల్ కాటయాన్ అనే కార్బోకాటయాన్ నిర్మాణం మీద హెచ్.సి. బ్రౌన్ లాంటి ఉద్దండుడితో ఏళ్లతరబడి సాగిన వాదం నీకు తెలుసు కదా. దాని క్రిస్టల్ నిర్మాణం 2013లో వచ్చింది, ఓలా చెప్పిన వంతెన ఆకారమే నిజమని తేలింది. అప్పటికి బ్రౌన్ గారు లేరు, ఓలా చూశారు.

---

లెక్కల_మాస్టారు · సోమవారం, ఉదయం 6:55

అమ్మాయీ, నా లెక్క చూసి వెనకడుగు వేయకు. ఇంధనంగా కాల్చడానికి నేను ఒప్పుకోను గానీ, రంగులకీ జిగురులకీ ప్లాస్టిక్‌లకీ మందులకీ కార్బన్ కావాల్సిందేగా. ఫార్మల్డిహైడ్, ఎసిటిక్ ఆమ్లం మిథనాల్ నుంచే వస్తాయి. బొగ్గూ గ్యాసూ వద్దనుకున్న రోజున ఆ కార్బన్ చెట్ల నుంచి రావాలి, లేదంటే సీఓటూ నుంచి రావాలి. అందుకు ఈ పని కావాలి. అయితే ఏ పేపర్ రాసినా హైడ్రోజన్ ఎక్కడిదో, ఎంత కరెంటు పట్టిందో ఒక పేరా రాయి. చాలామంది రాయరు.

---

ఉత్ప్రేరకం_వేణు · సోమవారం, ఉదయం 9:20

మాస్టారి మాటకి ఇంకోటి కలుపుతాను. గైడ్‌ని కలిసినప్పుడు ఇది అడుగు: "సార్, మన ల్యాబ్‌లో కార్బన్-13 సీఓటూ సిలిండర్ ఉందా?" కార్బన్-13 అంటే మామూలు కార్బన్ కన్నా ఒక యూనిట్ బరువెక్కువ ఉన్నది.

ఎందుకంటే, ముఖ్యంగా వెలుతురుతో సీఓటూను మార్చే ఫొటోక్యాటలిస్టుల పనిలో ఉత్పత్తి మైక్రోమోల్స్‌లో ఉంటుంది. ఉత్ప్రేరకం తయారీలో మిగిలిన సాల్వెంట్, లిగాండ్ ముక్కలు, రియాక్టర్ గ్రీజు, ఇవన్నీ విరిగి కూడా మీథేన్, కార్బన్ మోనాక్సైడ్ ఇస్తాయి. వాయువుల్ని విడదీసి చూపే జీసీ (గ్యాస్ క్రొమటోగ్రఫీ) యంత్రంలో పీక్ అదే చోట వస్తుంది. సీఓటూ నుంచే వచ్చిందని నమ్మి పేపర్ రాసేస్తే తర్వాత ఎవరూ తిరిగి చేయలేరు. కార్బన్-13 సీఓటూ పంపి, మాస్ స్పెక్ట్రమ్‌లో ఒక యూనిట్ బరువు పెరిగిందో లేదో చూడాలి. సీఓటూ బదులు ఆర్గాన్ పంపి ఏమీ రాలేదని చూపాలి. వెలుతురు లేకుండా, ఉత్ప్రేరకం లేకుండా కూడా నడపాలి. ఆ సిలిండర్ ఖరీదైనదే. అయినా అది కొనే గైడ్ దగ్గరే చేరు.

---

మౌనిక_ఆర్గానిక్ · సోమవారం, రాత్రి 7:05

సుభద్ర మేడమ్ చెప్పిన 2016 పేపర్ ఇవాళ లైబ్రరీలో కూర్చుని చదివాను. నిజంగానే గైడ్‌ల ప్రాజెక్టుల్లో ఒకటి అమీన్-రుథేనియం దారిలోనే ఉంది, రుథేనియం బదులు మాంగనీస్‌తో. గురువారం ఆ ప్రొఫెసర్‌ని కలుస్తున్నాను. కార్బన్-13 సిలిండర్ సంగతి, హైడ్రోజన్ సంగతి రెండూ రాసి పెట్టుకున్నాను. రవి అన్నా, బయటివాళ్లని ప్లాంటు చూడనిస్తారా? ఎవరికి లెటర్ పెట్టాలి?

---

గోదావరిఖని_రవి · సోమవారం, రాత్రి 9:40

చూడనిస్తరు చెల్లె. మీ డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకంతోని హెచ్‌ఆర్‌కు ఇండస్ట్రియల్ విజిట్ అని లెటర్ పెట్టాలె. ఒక్కదానివే కాదు, క్లాసు మొత్తం రాండ్రి. షట్‌డౌన్ టైముకు వస్తే కన్వర్టర్ మూత తీసి ఉంటది, లోపల చూడొచ్చు. షూ ఏసుకొని రాండ్రి, చెప్పులుంటే గేటుకాడనే ఆపుతరు.